చెంచులక్ష్మి పచ్చబొట్ల అంగడి

ఆమె పూర్తి పేరు కాకుటూరు చెంచులక్ష్మి. విడవలూరులో మా ఇంటికి రోడ్డువైపున్న గదిని అద్దెకు అడగడానికి వచ్చిన రోజున నేను ఆమెను మొదటిసారి చూశాను. అంతకుముందు ఆ గది కోసం వచ్చినవాళ్లందరూ ముందుగా అద్దె ఎంతని అడిగారు. ఈమె అద్దె మాట ఎత్తలేదు. నాలుగు గోడలనూ అరచేత్తో తడిమి చూసింది. మూలకు వంగి వాసన పీల్చింది.

“గోడకు చెమ్మెక్కుతుందా టీచరమ్మా?”

“వానాకాలంలో ఉత్తరపు గోడకు కొంచెం ఎక్కుతుంది.”

“మీటరు కాడ ఎర్తు తీగ ఉండాదా? పక్కన టిఫినంగడి పొయ్యి ఈ గోడకే ఆనుకోనుండాదా? చెయ్యి కడిగిన నీళ్లు యాడికి పోతాయి?”

పిల్లనిచ్చేవాళ్లు కూడా వరుడి గురించి ఇన్ని ప్రశ్నలు వేయరని నేనన్నాను. ఆమె నవ్వలేదు. ఏ వ్యాపారం పెడతావని అడిగితే, టాటూలని నెమ్మదిగా చెప్పింది. చెప్పి, నాకు అర్థం కాలేదేమోనని, “పచ్చబొట్లు” అని మరొకసారి చెప్పింది. గది ఇవ్వకూడదని ఆ క్షణంలోనే నిశ్చయించుకున్నాను. అయితే ఆ ప్రశ్నలన్నీ ఎందుకో తెలుసుకోవాలనిపించింది.

“బీమా కంపెనీవాళ్లు వచ్చి చూస్తారు టీచరమ్మా. ముందే తెలుసుకుంటే మంచిది గదా.”

“పచ్చబొట్టుకు బీమా ఏమిటమ్మా? లారీకి చేయిస్తారు, ప్రాణానికి చేయిస్తారు.”

“నేను పనిచేసేది చర్మం మీద. అది నాది కాదు గదా టీచరమ్మా, వేరేవాళ్లది.”

ఆ జవాబు విన్న తరువాత గది ఇవ్వననడానికి నాకు నోరు రాలేదు.

చెంచులక్ష్మిది మనుబోలు దగ్గర ఒక పల్లె. తల్లిదండ్రులు ఇతరుల మడికయ్యల్లో నాట్లు వేసి, కోతలు కోసి బతికినవాళ్లు. పెళ్లిళ్లలో చేతులకు గోరింటాకు పెట్టడంతో మొదలుపెట్టి, ఆ చేతివాటంతోనే చెన్నైలో ఒక టాటూ దుకాణంలో చేరింది. అక్కడ యజమాని ఒకరికి వాడిన సూదిని మరొక అమ్మాయికి వాడాడు. ఆ అమ్మాయికి కామెర్లు వచ్చాయి. అతడు చెప్పాపెట్టకుండా ఊరు విడిచిపోయాడు. “ఆ పిల్ల వాళ్లమ్మ వచ్చి షట్టరు కొడతానే ఉన్నింది టీచరమ్మా. నేను లోపలే ఉన్నా. తెరవలా” అని నాతో ఒకే ఒకసారి చెప్పింది. తరువాత ఆ ప్రసక్తి తేలేదు.

మా గదిలో ఆమె పనిచేసే తీరు చూసినప్పుడు, ఇంత భయపడే మనిషి ఈ వృత్తిలోకి ఎందుకు వచ్చిందా అనిపించేది. వచ్చినవారి కళ్లెదుటే సూది పొట్లం చించేది. రంగును చిన్న మూతలోకి వంచుకొని, మిగిలితే పారబోసేది గాని తిరిగి సీసాలో పోసేది కాదు. చక్కెర జబ్బు ఉందా, రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా అని గుచ్చి గుచ్చి అడిగేది. తాగి వచ్చినవాళ్లను గడప దాటనిచ్చేది కాదు. కోవూరు నుంచి వచ్చే బీమా ఏజెంటు పెంచలప్రసాద్ ఆమెను ఆటపట్టించేవాడు.

“గడువుకు ముందే ప్రీమియం కట్టేది నువ్వొక్కదానివే అక్కా. మిగతావాళ్లు నన్ను చూస్తే పక్క సందులోకి దూరతారు.”

“నాకు నిద్ర పట్టాలి గదన్నా.”

“బీమా చేసినాక గూడా పట్టకపోతే ఎట్ట? అప్పుడు నిద్రమాత్రలోళ్ల కాడికి పో.”

ఆమె దగ్గరికి సముద్రపు ఒడ్డున ఉన్న పాళెం నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. చేపల వేటకు వెళ్లే మగవాళ్లు ముంజేతి మీద తల్లి పేరు పొడిపించుకుంటారు. అది సింగారం కోసం కాదు. సముద్రం మనిషిని తీసుకొని, ఎక్కడో ఒక ఒడ్డుకు తిరిగి చేర్చినప్పుడు ముఖం చూసి గుర్తుపట్టే వీలుండదు. చేతి మీద పేరుంటే ఎవరో ఒకరు ఇంటికి చేరుస్తారు. ఆధార్ కార్డు కొట్టుకొనిపోతుంది గాని పచ్చబొట్టు పోదని ఒక ముసలాయన నాకు వివరించాడు. అది విన్న తరువాత, ముందు గదిలో సూది యంత్రం చప్పుడు మొదలైనప్పుడల్లా నా చేతిలో పని ఆగిపోయేది.

వేసవిలో వేట నిషేధం ఉన్నన్నాళ్లూ పాళెంవాళ్లకు తీరిక. అప్పుడే వచ్చేవారు. పొడిచిన చోటు పుండుతో సమానం. అది మాని, కొత్త చర్మం గట్టిపడేదాకా దానికి ఉప్పునీరు తగలకూడదు. నిషేధం ముగిసే ముందు పాళెంలో పడవలకు రంగులు వేస్తారు. ఆ రంగులు మొదలయ్యాయని తెలిస్తే చాలు, చెంచులక్ష్మి పాళెం మగవాళ్లకు సూది పెట్టేది కాదు. బతిమాలినా, తిట్టినా వచ్చే వేసవికి రమ్మనేది. పాలసీ తీసుకునేటప్పుడు, తాను పాటించే జాగ్రత్తల్లో దీనినీ ఒకటిగా ఆమె కంపెనీకి రాసి ఇచ్చింది.

ఆ కట్టుబాటును ఆమె ఒక్కసారే తప్పింది.

చిన్నపోలయ్య వచ్చేనాటికి పాళెంలో సగం పడవలకు రంగులు పడ్డాయి. ఇరవై దాటిన కుర్రవాడు. తల్లి గురవమ్మ చనిపోయి ఏడాది కావస్తోంది. ఆ దినం వచ్చేలోగా ఆమె పేరు చేతి మీద ఉండాలని అతని కోరిక.

“ఇప్పుడు కుదరదబ్బయా. వారం పోతే యాటకు పోతావు.”

“ఈ ఏడు యాటకు పోవడంలా అక్కా. రొయ్యల మేత గోడౌన్లో పని చూసుకున్నా. కావాలంటే టీచరమ్మ మీద ఒట్టు.”

“నా మీద ఎందుకురా? నీ మీదే పెట్టుకో” అన్నాను, గుమ్మంలో నిలబడి.

“నా మీద పెడితే ఎవురు నమ్ముతారు టీచరమ్మా?”

ముగ్గురమూ నవ్వాము. అతడు అబద్ధమాడలేదు. ఆనాటికి అతని ఉద్దేశం నిజంగా అదే. చెంచులక్ష్మి చాలాసేపు ఆలోచించి, చివరికి సూది పట్టింది. సముద్రం నీళ్లు గాని, కాలవ నీళ్లు గాని తగలనీయొద్దని, కాచి చల్లార్చిన నీళ్లతోనే కడగమని, ఎర్రబడితే వెంటనే రమ్మని చెప్పింది. అతని చేత తిరిగి చెప్పించుకుంది కూడా.

నిషేధం ముగిసి పడవలు కదిలిన కొన్నాళ్లకే, ఒక ఉదయం మా ఇంటి ముందు మోటారుసైకిళ్లు ఆగాయి. దిగినవాళ్లలో ముందున్నవాడు మాలకొండయ్య, చిన్నపోలయ్యకు వరసకు మేనమామ. చెంచులక్ష్మి అప్పుడే షట్టరు సగం ఎత్తింది. అతని ముఖం చూసి, ఏం జరిగిందో తెలియకుండానే దానిని కిందికి లాగేసింది. అతడు అరచేత్తో షట్టరును బాదసాగాడు.

“బయటికి రామ్మే! ఏం విషం ఎక్కించినావు మా వోడి చేతికి? నెల్లూరు ఆసుపత్రిలో పడుండాడు. చెయ్యి తీసెయ్యాలంటన్నారు. అప్పటికీ తగ్గకపోతే పానమే పోద్దంటన్నారు. బయటికి రా!”

నేను వెళ్లి షట్టరుకు అడ్డంగా నిలబడ్డాను.

“పక్కకు జరగండి టీచరమ్మా. మీకు సంబంధం లే.”

“ఇల్లు నాది. నాకు సంబంధముంది. ఏమైందో నెమ్మదిగా చెప్పు.”

“ఏం చెప్పేది? చెయ్యి నల్లంగా ఉబ్బి బొబ్బలెక్కింది. మనిషి తెలివిలో లేడు. రేపు చెయ్యిపోతే వల ఎవురు లాగుతారు? ఈమె బీమా కంపెనీవోళ్లు వచ్చి లాగుతారా?” అతడు షట్టరు వైపు తిరిగాడు. “ఇను మే! వోడి చెయ్యి తీస్తే ఊరంతా కూచోని దురాయి వేస్తాం. పాళెంలో ఒక్క పురుగు గూడా నీ గడప తొక్కదు. నువ్వీ ఊళ్లో ఎట్ట బతకతావో చూస్తాం.”

వాళ్లు వెళ్లిపోయిన చాలాసేపటికి, నేను పిలవగా పిలవగా, ఆమె లోపలి గడియ తీసింది. నేల మీద కూర్చొని ఉంది. చుట్టూ సూది పొట్లాలు, రంగు సీసాలు పరిచి ఉన్నాయి.

“సూది కొత్తదే టీచరమ్మా. మీ ముందరే చించినా గదా? చించినా గదా?”

“చించావు. నేను చూశాను.”

“మరి ఇంకులో ఉన్నిందా? ఇదే సీసా. ఇంకా ఇద్దరికి వేసినా. వాళ్లకేం కాలా. చేతికి తొడుగేసుకున్నా. బల్ల తుడిచినా. యాడ తప్పింది టీచరమ్మా?” ఆమె పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఎండలు మండిపోయే ఆ రోజుల్లో ఆమెకు దుప్పటి కప్పవలసివచ్చింది.

కబురు అందుకొని పెంచలప్రసాద్ పరుగున వచ్చాడు. ఆనాడు అతడు హాస్యమాడలేదు.

“అక్కా, నా మాట ఇను. ఆసుపత్రికి పోబాక. వాళ్లతో మాట్లాడబాక. క్షమించమన్నా ఒప్పుకున్నట్టే లెక్క. కంపెనీ చెప్పందే ఒప్పుకుంటే బీమా చెల్లదని పాలసీలోనే ఉండాది. ఆ సీసా గూడా కంపెనీ మనిషి వచ్చేదాకా ఎవురికీ ఇయ్యబాక.”

“డాక్టర్లకు గూడానా?”

“ఎవురికీ. పాళెంవోళ్లకు రంగులేసే దినాల్లో చెయ్యనని రాసిచ్చినావు. చేసినావు. అది మన నోటితో బయటపడిందంటే అయిపోయినట్టే. నీ మంచికే చెప్తన్నా. నాకూ చేతులాడ్డంలే.”

అతడు చెప్పినది నిజమే. పాలసీ కాగితాలను నేనూ చదివాను. అయితే పాళెం సంగతి కూడా నాకు తెలుసు. తమవాడు మంచాన పడినప్పుడు, సంబంధమున్న మనిషి వచ్చి చూడకపోతే అక్కడ ఎవరూ కారణాలు వెతకరు. తప్పు చేసి దాక్కున్నారనే అనుకుంటారు. వెళితే బీమా పోతుంది. వెళ్లకపోతే ఊరు పోతుంది. ఈ రెండింటి మధ్య ఆమె ఏదో ఒకటి ఎంచుకుంటుందని నేననుకున్నాను. ఆమె ఆలోచిస్తున్నది ఈ రెండింటి గురించీ కాదు.

“ఏ ఇంకు వేసినానో డాక్టర్లకు తెలియొద్దా టీచరమ్మా? తెలియకుండా ఏం మందిస్తారు?” అంది, ప్రసాద్ వెళ్లిన తరువాత. సీసాను మూత బిగించి, ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టింది. “నాకు భయంగా ఉండాది. మీరు తోడు రండి.”

ఆటోలో నెల్లూరు దాకా ఆమె డబ్బాను ఒళ్లో పెట్టుకొని రెండు చేతులతో పట్టుకుంది. ఎదురుగా మోటారుసైకిలు వచ్చిన ప్రతిసారీ నా భుజం వెనక్కి ఒదిగింది. పెన్న వంతెన మీద ఆమె ఫోను మోగింది. ప్రసాద్. మోగి మోగి ఆగిపోయింది.

ఆసుపత్రి వరండాలో మాలకొండయ్య, అతని మనుషులు నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూడగానే వాళ్ల మాటలు ఆగిపోయాయి.

“మాలకొండయ్యా, పిల్లవాణ్ణి చూడటానికి వచ్చాం. దారి ఇవ్వు.”

“చూసేదానికి ఏముండాది టీచరమ్మా? లోపలికి మమ్మల్నే రానీడంలా. ముసల్ది ఆ గదిలో కూచోనుండాది. పొయ్యి దానికి మొహం చూపించమనండి, ధైర్యముంటే.”

నేను కొంతసేపు వరండాలోనే నిలబడిపోయాను. చెంచులక్ష్మి నా చెయ్యి పట్టుకొని లాగింది. ఇద్దరమూ లోపలికి వెళ్లాము.

అది రోగుల బంధువులు కూర్చునే చిన్న గది. బెంచీలు ఖాళీగా ఉన్నా పేరమ్మ నేల మీదే కూర్చొని ఉంది. చిన్నపోలయ్యను తల్లి తరువాత తల్లిగా చూసుకుంటున్న అవ్వ ఆమె. కొంగు పళ్ల మధ్య కరిచిపట్టి గోడకేసి చూస్తోంది. చెంచులక్ష్మి వెళ్లి ఆమె ఎదుట నేల మీదే కూర్చుంది. నేను పక్కనే నిలబడ్డాను.

“పెద్దమ్మా, పడవలకు రంగులేసే దినాల్లో నేను సూది పట్టకూడదు. అది నా కట్టుబాటు. పట్టినా. తప్పు నాదే.”

ఆ మాటతో ఏమి పోయిందో నాకు తెలుసు. ఆమె నోరు మూయాలని నా చెయ్యి లేచింది. అప్పటికే ఆలస్యమైంది. పేరమ్మ జుట్టు పట్టుకుంటుందనో, వరండాలోని వాళ్లను కేకేస్తుందనో నేను గుమ్మం వైపు చూశాను. పేరమ్మ కేకేయలేదు. పళ్ల మధ్య నుంచి కొంగు వదిలింది.

“నీది గాదు బిడ్డా.” మేము వంగి వినవలసివచ్చింది. “నీళ్లు తగలనీయొద్దని నువ్వు చెప్పినావని వోడు చెప్పినాడు. నేనే ఇన్లా. పడవకు మనిషి తక్కువయ్యాడని మేనమామ పిలిస్తే యాటకు పోయినాడు. వచ్చి మంట మంట అని ఏడ్చినాడు. ఉప్పునీళ్లు పుండుకు మందు గదా. మా నాయన దెబ్బలకు అట్టనే చేసేది. మా ఆయనకూ అట్టనే చేసినా. వోడిని మొగ కాడికి పిలుచుకోనిపోయి నీళ్లలో చెయ్యి ముంచి పట్టుకున్నా. వద్దవ్వా, వద్దవ్వా అన్నాడు. ముంచి పట్టుకున్నా.”

కాలవ సముద్రంలో కలిసే చోటును అక్కడ మొగ అంటారు.

“పేరమ్మా, ఇది డాక్టరమ్మకు చెప్పావా?” అన్నాను.

“సముద్రానికి పోయినాడని చెప్పబాకన్నాడు మాలకొండయ్య. పడవెక్కించింది ఆయన గదా. తన మీదికొస్తాదని. నేనూ నోరు మూసుకున్నా. చెప్తే నన్నేం చేస్తారో అని.”

నేను డాక్టరు గదికి ఎలా వెళ్లానో నాకు గుర్తులేదు. పేరమ్మ నా వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడింది గాని, లోపలికి అడుగు పెట్టలేదు. నేనే చెప్పాను. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

“పొద్దున నేను ఇదే అడిగాను కదండీ! సముద్రంలోకి దిగలేదన్నారే! ఆ ఉప్పునీటి క్రిములకు వాడే మందులు వేరు.” అంటూనే లేచి నర్సును పిలిచింది. చెంచులక్ష్మి సీసా అందిస్తే దానినీ తీసుకొని పరీక్షకు పంపమంది. కొద్దిసేపటికి చిన్నపోలయ్యను మంచంతో సహా ఆపరేషను గదిలోకి తోసుకుపోయారు. దుప్పటి పక్కన ఆ చెయ్యి కనిపించింది. అది మనిషి చెయ్యిలా లేదు. గురవమ్మ పేరు ఎక్కడుందో తెలియలేదు.

తరువాత మేము ముగ్గురమూ ఆ గదిలో కూర్చున్నాము. చెయ్యి ఉంటుందో లేదో డాక్టరమ్మ ముందుగా చెప్పలేదు. మనిషి బయటికి వస్తాడని కూడా చెప్పలేదు. చెంచులక్ష్మి తన కుడిచేతిని ఎడమచేత్తో నలుపుకుంటోంది. తలుపు చప్పుడైనప్పుడల్లా పేరమ్మ ఆమె మణికట్టు పట్టుకునేది. వరండాలో మాలకొండయ్య గొంతు వినిపించడం మానేసింది. నాకు దేవుణ్ణి ఏమని అడగాలో తెలియలేదు. చెయ్యి అడిగితే ప్రాణం పోతుందేమోనని, ప్రాణం ఒక్కటే అడిగాను.

డాక్టరమ్మ వచ్చి గుమ్మంలోనే చెప్పింది. చెయ్యి తీయలేదు. చచ్చిపోయిన కండనూ చర్మాన్నీ తీసేశారు. ఇంకా కొన్నాళ్లు భయమే. పేరు ఉన్న చోట చర్మం మొత్తం పోయింది.

“మా అమ్మి పేరు పోయిందా?” అంది పేరమ్మ. గురవమ్మ ఆమె కూతురు. అంతవరకు ఏడవనిది, అప్పుడు ఏడ్చింది.

చిన్నపోలయ్య బతికాడు. ఇంటికి వచ్చాడు. వేళ్లు సగమే ముడుచుకుంటున్నాయి. వల లాగగలడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. పాళెంలో వెలివేసే ఆ దురాయి మాట ఎవరూ ఎత్తలేదు. అయితే వైద్యం ఇంకా ముగియలేదు. అది బీమా సొమ్ముతో జరగాలని చిన్నపోలయ్య తరఫున కంపెనీకి అర్జీ వెళ్లింది. విచారణకు మనిషి వస్తున్నాడని తెలిసింది. చెంచులక్ష్మి అంగడి మూసే ఉంది.

విచారణకు ముందురోజు పెంచలప్రసాద్ మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇచ్చినా తాగలేదు.

“టీచరమ్మా, మీరు వరండాలో నిలబడ్డానని చెప్పండి చాలు. కొంతసేపు నిలబడ్డారు గదా, అబద్ధం గూడా కాదు. అక్క లోపల ఏమన్నదో మీరు ఇన్లేదు. ఆ ముసలామె చెప్పదు. అక్క చెప్పకుండా నేను చూసుకుంటా. ఆమెకూ మంచిది, ఆ పిల్లోడి చేతికీ మంచిది.”

అతడు లంచగొండి కాదు, దుర్మార్గుడు కాదు. ఆమె మీద ప్రేమతోనే అడిగాడు. ఆలోచించి చెబుతానన్నాను. ఆ మాట అన్నందుకు నాకే భయం వేసింది.

సాయంత్రం చెంచులక్ష్మి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాక గడపలోనే కూర్చుంది.

“ప్రసాదన్న వచ్చిపోయినాడు గదా.”

“వచ్చాడు. నువ్వన్న మాట నేను చెబితే కంపెనీ పైసా ఇవ్వదు చెంచులక్ష్మీ. ఆ పిల్లవాడి వైద్యానికీ ఇవ్వదు. నీ మీద పడుతుంది.”

“తెలుసు. అన్నం సయించడంలా టీచరమ్మా. అంగడి ముందర బండి ఆగితే పోయి గడియ చూసుకుంటన్నా.” ఆమె చేతులు ఒళ్లో దాచుకుంది. “మాలకొండయ్య ఇప్పుడు కొత్త మాట చెప్తన్నాడు. ముసల్దానికి మతి లేదంట, మొగ కాడికి పోనే లేదంట. ఆ పిల్లోడు మామకు ఎదురు చెప్పడు. ఆ మాట డాక్టరమ్మకు చెప్పింది మీరు. మీరు వరండాలో ఉన్నారంటే అది మీకెట్ట తెలిసిందంటారు? పేరమ్మ పిచ్చిది అవుద్ది. నా మాట దాచాలంటే ఆమె మాట గూడా దాచాల. ఆమె నన్ను నమ్మి చెప్పింది.”

“నీ గతి ఏమిటమ్మా మరి?”

ఆమె లేచి నిలబడి, చెప్పులు వేసుకొని, వెళ్లబోతూ నా వైపు తిరిగింది.

“వరండాలో ఉన్నానని చెప్పబాకండి టీచరమ్మా. లోపల, నా పక్కనే ఉన్నానని చెప్పండి.”